పులుపు మీద నింద వేయకండి, నీళ్ళు చూడండి

రెండేళ్ళ కింద మా శనక్కాయ పీకేటప్పుడు మజ్జిగ చాలలేదని బిందెడు కుంట నీళ్ళు కలిపినాను. ఆ రాత్రి ముగ్గురు కూలోళ్ళకు వాంతులు, బేదులు. మజ్జిగ పులిసిందని మా ఇంటామెను తిట్టినా. తప్పు నాదే అనుకుంటా.

మన పత్తికొండ కథ తెలుసు కదా. 1827 జులై 6న మద్రాసు గవర్నరు మన్రో దొర అక్కడే కలరాతో పోయినాడు. పొద్దున సోకింది, రాత్రికి ప్రాణం లేదు. అది నీళ్ళతో వస్తుందని అప్పుడు చెప్పేవాళ్ళు లేరు. 1854లో లండన్లో జాన్ స్నో అనే డాక్టరు ఒక చేతిపంపు దగ్గర గుట్టు పట్టినాడు. 1884లో కోచ్ కలకత్తా చెరువు నీళ్ళలో ఆ క్రిమినే చూసినాడు.

పెరుగు పులుపూ క్రిముల పనేనని 1857లో పాశ్చర్ చెప్పినాడు. అవి మంచివి. ఆ పులుపులో చెడ్డవి చానావరకు పెరగలేవు. మనం నీళ్ళు పోసేకొద్దీ ఆ కాపలా పలచబడుతుంది. అట్లని మజ్జిగ కలరాకు మందు కాదు.

అందుకే చేనికి చిక్కగా తీసుకుపోండి, కాచి చల్లార్చిన నీళ్ళు తాగేటప్పుడు కలపండి. దుత్తను నీడన, తడిగుడ్డ చుట్టి పెట్టండి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో వద్దు, చిలుము దిగి కడుపులో తిప్పుతుంది.

పైన తేట నిలిస్తే చెడినట్టు కాదు, చిలికితే కలుస్తుంది. బూజు, ఎర్రటి మచ్చలు, తీగలా సాగడం, చేదు, మురుగు వాసన, వీటిలో ఏది కనబడినా పారబోయండి. బూజు తీసేసి తాగుదామని చూడొద్దు.