రెండు రొట్టెల నడుమ కారం

శాండ్‌విచ్ చరిత్ర రాసేవాళ్ళు దాదాపు అందరూ ఒక జూదగాడి దగ్గర మొదలుపెడతారు. నాలుగో ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ జాన్ మాంటేగు (1718–1792) పేకాట బల్ల వదిలి లేవలేక, రెండు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడన్న కథ. దీన్ని నలుగురికీ పంచింది గ్రోస్లే అనే ఫ్రెంచి యాత్రికుడు, 1765లో లండన్ చూసొచ్చి రాసిన పుస్తకంలో. ఎర్ల్ జీవితచరిత్ర రాసిన ఎన్. ఏ. ఎం. రాడ్జర్ మాత్రం ఇంకో మాట అంటాడు: ఆ మనిషి నౌకాదళం కాగితాల్లో మునిగి, రాతబల్ల దగ్గరే తినేసి ఉంటాడని. గ్రోస్లే కంటే ముందే, 1762 నవంబరులో, ఎడ్వర్డ్ గిబ్బన్ తన డైరీలో ఒక లండన్ క్లబ్బు గురించి రాస్తూ పెద్దమనుషులు అక్కడ శాండ్‌విచ్ తింటున్నారని రాసుకున్నాడు. పేకాటో ఫైళ్ళో, ఏదైనా కూర్చుని చేసే పనే. ఈ కథలన్నిట్లో నాకు దొరకనిది ఒక్కటే. ఆ మాంసం మీద ఏం చల్లారు?

ఇది చిల్లర ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. రొట్టెకి తనదంటూ పెద్ద రుచి ఉండదు. లోపల పెట్టేది ఖరీదైనదైతే ఉప్పూ కారం గురించి ఎవరూ పట్టించుకోరు. లోపల పెట్టడానికి ఏమీ లేనప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

1861లో అచ్చయిన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ పుస్తకంలో ఒక విచిత్రమైన వంటకం ఉంది. వెన్న రాసిన రెండు పల్చటి రొట్టెముక్కల మధ్య, కాల్చి చల్లార్చిన ఇంకో రొట్టెముక్క పెట్టాలి. పైన ఉప్పు, మిరియాల పొడి. అంతే. రోగుల కోసం చెప్పిన వంట అది. రొట్టె మధ్య రొట్టె అన్నమాట. నవ్వొస్తుంది, కానీ అందులో ఉప్పూ మిరియమూ తీసేస్తే ఇక మిగిలేది నమలడమే. ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ దాన్ని వింతగా చెప్పుకుంటారు. మెట్‌పల్లి వైపు ఎవరికైనా చెప్పి చూడండి, పెద్దగా ఆశ్చర్యపోరు. "ఏం తిన్నవ్?" అంటే "రొట్టెల ఇంత తొక్కు పెట్టుకొని తిన్న" అని చెప్పే నేల అది.

మెట్‌పల్లి ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లా. పసుపు మార్కెట్‌కీ ఖద్దరుకీ పేరున్న ఊరు. చుట్టూ ఇప్పుడు వరి, పసుపు, మక్క కనిపిస్తాయి గానీ, కాలువ నీళ్ళు రాకముందు ఉత్తర తెలంగాణ పొట్ట నింపింది ఎక్కువగా జొన్నే. జొన్నరొట్టె వేడిమీద మెత్తగా ఉంటుంది, మడిస్తే మడుస్తుంది. చల్లారితే అట్టలా బిగుసుకుంటుంది. అందుకే చేనుకి తీసుకెళ్ళే సద్దిలో రొట్టె వేడిగా ఉన్నప్పుడే మీద కారమో తొక్కో రాసి, మడిచి, గుడ్డలో కట్టేస్తారు. ఆ వేడికి కారం, నూనె రొట్టెలోకి దిగుతాయి. మధ్యాహ్నం చెట్టుకింద విప్పితే ఒక ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ తోడు. కంచం అక్కర్లేదు, గిన్నె అక్కర్లేదు. ఒక చెయ్యి ఖాళీ.

"చూశారా, శాండ్‌విచ్ కూడా మనమే కనిపెట్టాం" అని చెప్పడానికి కాదు ఇదంతా. అలాంటి గొప్పలు నాకు పడవు. మడిచిన రొట్టెలో ఏదో పెట్టుకు తినడం రొట్టె ఉన్న ప్రతి చోటా ఉంది. నన్ను ఆపింది వేరే తేడా. లండన్ కథలో ముఖ్యం మాంసం, మసాలా దాని వెనక వస్తుంది. ఇక్కడ మసాలాయే లోపలి పదార్థం. వేరే ఏమీ లేదు. తెలుగులో "గొడ్డుకారంతో తిన్నాం" అనే మాటకి లేమి అనే అర్థం స్థిరపడింది అందుకే.

అయితే ఆ కారం కూడా అంత పాతదేం కాదు. శ్రీనాథుడు పల్నాడు వెళ్ళి జొన్నకూడు చూసి చిరాకుపడ్డాడని చాటుపద్యాలు చెప్తాయి. పాపం, నిజంగానే చిరాకు పడాల్సిన విషయమే. పదిహేనో శతాబ్దపు మనిషి ఆయన. మిరపకాయ అప్పటికింకా సముద్రం దాటలేదు. అమెరికా ఖండాల్లో పుట్టిన ఆ కాయ పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరానికొచ్చింది. అంతకుముందు ఘాటు కావాలంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, ఆవాలు. మిరియం చెట్టు ఎక్కడో మలబారులో. మిరప అలా కాదు, పెరట్లో విత్తనం పడేస్తే చాలు. ధనవంతుల ఘాటుని పేదవాడి ఇంటికి తెచ్చిన పంట అది. అక్బరు, తానీషాల కథలు మనకి బళ్ళో చెప్పారు గానీ, మిరప వచ్చిన కథ ఎవరూ చెప్పలేదు. జొన్నరొట్టె జీవితంలో అంతకంటే పెద్ద సంఘటన ఇంకోటి జరగలేదని నా నమ్మకం.

ఇక ఆ కారం ఎలా పనిచేస్తుందో కాస్త చూద్దాం. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. పొడి కారం రొట్టె మీద చల్లితే ఒకచోట భగ్గుమంటుంది, ఇంకోచోట చప్పగా ఉంటుంది. అదే పొడి మీద చెంచాడు నూనె పోసి వేలితో కలిపితే మంట పరుచుకుంటుంది, ఎల్లిగడ్డ వాసన దానితోపాటు నడుస్తుంది. నువ్వులపొడికి, పల్లీకారానికి ఆ నూనె అవసరం కూడా తక్కువ, గింజలోనే ఉంటుంది కనక. నువ్వుల్ని సన్నసెగ మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, ఉప్పు, ఎల్లిగడ్డ, కాస్త జీలకర్ర వేసి రోట్లో దంచితే, పొడి పిడికిట్లో పట్టుకుంటే ముద్దవుతుంది. అదే సరైన పదును. మిక్సీలో ఒక్క క్షణం ఎక్కువ తిప్పితే జిడ్డుముద్ద. ఈ లెక్క తెలిసినవాళ్ళు పుస్తకం రాయలేదు. వాళ్ళ పేర్లు ఏ కైఫియత్తుల్లోనూ లేవు. వాళ్ళంతా ఆడవాళ్ళు.

ఇప్పుడు బొంబాయి వెళ్దాం. తెలంగాణ జనం కూడా వెళ్ళారు మరి. రైలు కంటే ముందే నిజాం ఇలాకా నుంచి బొంబాయికి కట్టడం పనులకి పోయిన కామాఠీల పేరు మీదే కామాఠీపురా వెలిసింది. తర్వాతి చరిత్రలో ఆ పేరు ఇంకో అర్థంలో ఇరుక్కుపోయింది గానీ, మొదట అది ఇళ్ళు కట్టినవాళ్ళ వాడ. 1850లలో మిల్లులు మొదలయ్యాయి. షోలాపూర్లో 1877 నుంచి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు షోలాపూర్‌కీ, భివండీకీ, బొంబాయికీ తరలిపోయారు. షోలాపూర్ పల్లీచట్నీకి ఇప్పుడు మహారాష్ట్ర అంతా పేరు. ఎర్రగా, పొడిపొడిగా, రొట్టె మీద అద్దుకు తినేది. అది తెలుగువాళ్ళు తీసుకెళ్ళిందని నేను చెప్పను. పల్లీ, మిరప, ఎల్లిగడ్డ దక్కనంతటికీ ఉమ్మడి ఆస్తి. కానీ మగ్గం దించి భోజనానికి కూర్చున్న పద్మశాలీకి ఆ చట్నీ పరాయిదిగా అనిపించి ఉండదని మాత్రం గట్టిగా చెప్పగలను.

బొంబాయిలో జొన్నరొట్టెకి టైం లేదు. మిల్లు సైరన్ పావుకి అలవాటు చేసింది. పావు కూడా పోర్చుగీసువాళ్ళ వారసత్వమే. గోవాలో ఈస్టు దొరక్క కల్లుతో పులియబెట్టారంటారు. (కల్లుకి మాకెప్పుడూ కొదవ లేదు, గోధుమలే లేవు.) మిరపని తెచ్చినవాళ్ళూ పావుని తెచ్చినవాళ్ళూ ఒకరే, ఆ రెండూ గట్టిగా కలుసుకున్నది మాత్రం చాలా ఆలస్యంగా. 1966లో దాదర్ స్టేషన్ దగ్గర అశోక్ వైద్య అనే ఆయన బండి మీద వడాపావ్ మొదలైందని ముంబయిలో చెప్పుకుంటారు. వడని పావులో పెట్టడం తెలివే. కానీ వడాపావ్‌ని వడాపావ్ చేసింది పావు లోపల పూసే ఎర్రటి పొడి: ఎల్లిగడ్డ, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి. మన ఎల్లిగడ్డ కారానికి దగ్గరి చుట్టం. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికులు, దాదాపు రెండున్నర లక్షల మంది, సమ్మెకి దిగారు. మిల్లులు మళ్ళీ మునుపటిలా తెరుచుకోలేదు. పని పోయినవాళ్ళు కొందరు ఊళ్ళకి తిరిగొచ్చారు, కొందరు వడాపావ్ బండ్లు పెట్టుకున్నారు.

ఆ నగరంలోనే ఇంకో బండి కూడా ఉంది, అది బొంబాయి శాండ్‌విచ్‌ది. అందులో మాంసం లేదు. ఉడికించిన ఆలుగడ్డ, బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లి, అన్నీ చప్పటివే. నిలబెట్టేది రెండు: వెన్న మీద మందంగా పూసిన కొత్తిమీర–పచ్చిమిర్చి చట్నీ, ప్రతి వరస మీదా చిటికెడు చల్లే మసాలా. నల్లుప్పు, వేయించిన జీలకర్ర, ఆమ్‌చూర్ ఉంటాయి అందులో. గమనించండి, ఒకేసారి పైన కుమ్మరించడు, వరసకొక చిటికెడు. ఇంట్లో చేసుకునే శాండ్‌విచ్ చప్పగా ఉండడానికి నూటికి తొంభైపాళ్ళు కారణం ఇదే. మనం కూరకి ఉప్పు చూస్తాం, పచ్చి కీరాకి చూడం. కీరా, టమాటా ముక్కలకి ముందే ఉప్పు రాసి పదినిమిషాలు ఉంచి, ఊరిన నీళ్ళు వంపేయాలి. లేకపోతే ఆ నీళ్ళు రొట్టెలో దిగి గుజ్జవుతుంది. వెన్న అంచుల దాకా రాయడం రుచికే కాదు, తడి లోపలికి పోకుండా గోడ కట్టడానికి. ఆ వెన్నలోనే రెండు చెంచాల నువ్వులపొడి కలిపి చూడండి. సూపర్‌మార్కెట్ సీసాలు బీరువాలోనే ఉండిపోతాయి.

కానీ మన పల్లెల్లో బ్రెడ్డు వచ్చింది శాండ్‌విచ్‌గా కాదు, మందుగా. హైదరాబాదీ నోట డబల్ రొట్టె. అమెరికా గోధుమలు ఓడల్లో దిగుతున్న కాలంలోనే, 1965లో కేంద్ర ప్రభుత్వమే మోడరన్ బేకరీస్ సంస్థ పెట్టి మైనం కాగితంలో చుట్టిన బ్రెడ్డుని ఊరూరా తిప్పింది (2000లో దాన్ని హిందుస్తాన్ లీవర్‌కి అమ్మేశారు). మాకు మాత్రం అది జ్వరమొస్తే పాలలో ముంచి పెట్టే వస్తువు. ఆస్పత్రికి చూడబోతే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు ఉండాల్సిందే. బీటన్ గారి రోగుల శాండ్‌విచ్ ఎక్కడికొచ్చి తేలిందో చూడండి, ఉప్పూ మిరియం కూడా పోగొట్టుకుని. ఆ బ్రెడ్డు మీద మొదటిసారి ఇంట్లోని తొక్కు రాసిన మనిషెవరో గానీ, జ్వరం తగ్గినవాడే అయ్యుంటాడు.

పసుపు సంగతి చెప్పకుండా మెట్‌పల్లిని దాటలేను. పసుపు పొలంలో ఎనిమిది తొమ్మిది నెలలుంటుంది. తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, పాలిష్ పట్టి యార్డుకి తెస్తే ధర ఎంత పలుకుతుందో ఆ రోజు దాకా తెలీదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 185 మంది పోటీ చేశారు. వాళ్ళలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. మెట్‌పల్లి ఆ నియోజకవర్గంలోదే. గెలవడానికి కాదు, ధర కోసం నిలబడ్డారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది.

ప్రపంచపు శాండ్‌విచ్‌లో పసుపు ఎక్కడుందో తెలుసా? అమెరికాలో హాట్‌డాగ్ మీద గీసే పచ్చటి ఆవముద్దలో. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన దగ్గర్నుంచి ఫ్రెంచ్స్ కంపెనీ అమ్ముతున్న ఆ మస్టర్డ్‌కి అంత పసుపురంగు ఆవాలది కాదు, పసుపుది. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం కోసం తయారై, తర్వాత ఇంగ్లండంతా శాండ్‌విచ్‌లలో కూరుకుని తిన్న కోరొనేషన్ చికెన్‌కీ ఆ రంగు కర్రీపౌడర్‌లోని పసుపుతోనే. పేరు ఎక్కడా పైకి రాదు, రంగు మాత్రం అంతటా ఉంటుంది. ఇంటి శాండ్‌విచ్‌లో మనం పసుపుని పచ్చిగా చల్లితే మట్టివాసన వస్తుంది. వెన్న కరిగించి, చిటికెడు పసుపు, దంచిన మిరియం వేసి పొంగనిచ్చి, ఆ వెన్నతో రొట్టె కాల్చాలి.

పసుపు ధర పడిపోయిన ఏడాది, బోరు ఎండిన ఏడాది, ఈ ఊళ్ళ నుంచి కొడుకులు గల్ఫ్‌కి పోయారు. 1973లో చమురు ధరలు పెరిగాక తెరుచుకున్న దారి అది. మొదట బొంబాయి బస్సెక్కేవాళ్ళు, ఆ తర్వాత అదే బొంబాయి నుంచి విమానం. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల చుట్టూ గల్ఫ్‌లో మనిషి లేని వాడ దొరకడం కష్టం. అక్కడ చౌకగా దొరికేది ఖుబూస్. గుండ్రంగా, పల్చగా, మధ్యలో సంచిలా విడిపోతుంది. లేబర్ క్యాంపులో తెల్లారకముందే బస్సెక్కే మనిషికి వండుకునే టైం ఉండదు. ఖుబూస్ చించి లోపల తొక్కు రాసుకుని, చుట్టి, కవర్లో పెట్టుకుంటాడు. తండ్రి చేనుకాడ కట్టుకున్న సద్దే అది, జొన్న బదులు మైదా. ఎర్ల్ గారిలా కూర్చుని కాదు, ఇనప ఊచల నీడలో నిలబడి తింటాడు.

ఆ తొక్కు అయిపోయిన నెల వేరు. ఊరికెళ్ళి తిరిగొచ్చేవాడి కోసం క్యాంపంతా ఎదురుచూస్తుంది, మనిషి కోసం కాదు, బ్యాగు కోసం. అతని దగ్గర తన తొక్కు ఒక్కటే ఉండదు. పక్కింటి అత్తమ్మ పంపిన నువ్వులపొడి, ఇంకో వాడ నుంచి మామిడి తొక్కు, ఎవరి భార్యో కట్టిచ్చిన పల్లీకారం. ఒక్కో పొట్లం మీద పేరు. తొక్కుని కవరు మీద కవరు వేసి, దారంతో బిగించి, పాత లుంగీలో చుట్టి బట్టల మధ్య పెడతారు. ఎంత బిగించినా నూనె కొంచెం బయటికొస్తుంది. దుబాయ్‌లోనో దోహాలోనో బ్యాగు తెరిచి పంచేటప్పుడు, పేరు రాసిన కాగితం జిడ్డుకి చెరిగిపోతే, ఏది ఎవరిదో వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని చెప్పేస్తారు.