దవాఖాన నూరేళ్లు, సిస్టర్ల లెక్క

ఉస్మానియా దవాఖాన చరిత్ర రాయమంటే ఎవరైనా గుమ్మటాలతోనే మొదలుపెడతారు. విన్సెంట్ ఎష్ గీసిన నక్షా, 1925లో పూర్తయిన భవనం, 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగినప్పుడు నూటయాభై మంది దాకా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు. భవనానికి నూరేళ్లు నిండిన ఈ సందర్భంలో అవన్నీ చెప్పుకోవలసిందే. చాదర్‌ఘాట్ నుంచి, కోఠి నుంచి ఈ దవాఖానకే పరుగెత్తిన మా వాడల వాళ్ల నోట మాత్రం ముందుగా వచ్చే మాట ‘సిస్టర్’. సెలైన్ అయిపోయిందని అర్ధరాత్రి పిలిచింది ఆమెనే, పొద్దున్నే జ్వరం తగ్గిందా అని అడిగింది ఆమెనే. ఆ సిస్టర్ల సంగతి ఈ సంచికలో నా వంతుగా రాస్తున్నాను.

మా చాదర్‌ఘాట్‌కు వైద్యంతో సంబంధం రెసిడెన్సీ రోజుల నుంచీ ఉంది. ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్న ఆ కోఠి భవనంలో బ్రిటిష్ రెసిడెంటు ఉండేవాడు, ఆయన వెంట ఒక సర్జన్ ఉండేవాడు. అలాంటి రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ చేతుల మీదుగా 1846లో హైదరాబాద్ వైద్య పాఠశాల మొదలైంది. పాఠాలు ఉర్దూలో సాగేవి. 1920లో అదే ఉస్మానియా వైద్య కళాశాల అయింది. నడుమ 1885లో ఎడ్వర్డ్ లారీ అనే మరో సర్జన్ ఆ పాఠశాలలో ఆడపిల్లలను చేర్చుకున్నాడు. వాళ్లలో రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత మత్తుమందు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు. ఆ రంగంలో తొలి మహిళల్లో ఆమె ఒకరు. లారీ క్లోరోఫాం మీద 1888లో, 1889లో నడిపిన పరిశోధనల వల్ల ఉస్మానియాకు ముందున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పేరు లండన్ వైద్య పత్రికల దాకా వెళ్లింది.

వైద్యుల చరిత్ర ఇలా పేర్లతో సహా దొరుకుతుంది. నర్సుల చరిత్ర అంత సులువుగా దొరకదు. పరదా గట్టిగా ఉన్న నగరంలో ఆడమనిషికి వైద్యం అందాలంటే చదువుకున్న మరో ఆడమనిషి కావాలి. నయాపూల్ పక్కన విక్టోరియా జనానా ఆసుపత్రికి 1906లో పునాది రాయి పడింది ఆ అవసరం వల్లనే. రోడ్డు మీద నుంచి చూస్తే ఇవాళ్టికీ కనిపించే ఆ కట్టడంలో లక్షల పురుళ్లు పోసిన చేతులు ఎవరివో రాసిన పుస్తకం నాకు కనబడలేదు. దేశమంతటా అప్పట్లో ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా ఆంగ్లో-ఇండియన్, క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు. తక్కిన ఇళ్లలో పరాయి మగవాడి ఒళ్లు తుడిచే పని, రాత్రి పూట డ్యూటీ అంటే వద్దనేవారు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయపడేవారు. ఆ భయాన్ని కొంతైనా పోగొట్టినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముందుంటారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల కోసం ఆమె అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో మొదలుపెట్టిన సంక్షిప్త కోర్సుల్లో చదివి ఎందరో నర్సులయ్యారు, ఏఎన్‌ఎంలయ్యారు. ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ కూడా ఆ దారిలోనే నడిచింది.

దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో వేసిన లెక్క ప్రకారం దేశంలో 43,000 మందికి ఒక్క నర్సు. డాక్టరు మాత్రం 6,300 మందికి ఒకరు. ఆనాడు శిక్షణ పొందిన మనుషులే లేరు, అది నిజమైన కొరత. మరుసటి ఏడాది భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఆ తర్వాత బళ్లు పెరిగాయి, బీఎస్సీ కళాశాలలు వచ్చాయి, జీఎన్‌ఎం చదివిన పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు. కొన్నేళ్ల కిందట కేంద్రం చెప్పిన లెక్కలోనే రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలు దాటారు. అయినా వెయ్యి మందికి ముగ్గురు ఉండాలన్న లక్ష్యానికి అప్పటికి చేరలేదు. 

ఇక్కడే నా మనసులోని మాట చెప్పాలి. మన ప్రభుత్వ దవాఖానల్లో కనిపించే కొరతకు అమ్మాయిలు చదవకపోవడం కారణం కాదు. చదువు పూర్తయ్యాక కొలువు దొరికేదాకా నడిచే ఏళ్లలో ఆ కొరత పుడుతోంది. 2017లో టీఎస్‌పీఎస్సీ 3,311 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. కోర్టు కేసులు, వెయిటేజీ మార్కుల తగాదాలు దాటి ఆ వ్యవహారం తేలేసరికి 2021 వచ్చింది. అంటే కోవిడ్ మొదటి అల అంతా ఆ పోస్టులు కాగితం మీదే ఉన్నాయి. అప్పుడు వార్డులు నడిపింది ఉన్న కొద్దిమంది రెగ్యులర్ సిస్టర్లు, ఔట్‌సోర్సింగ్ పిల్లలు. 2020 జూలైలో మురుగునీరు వార్డుల్లోకి వచ్చి, ఆ నెలలోనే ఉస్మానియా పాత ఇన్‌పేషెంట్ బ్లాకుకు తాళం పడితే, పడకలను పక్క బ్లాకుల్లోకి చేర్చి అక్కడే సర్దుకున్నదీ వాళ్లే. పీపీఈ కిట్ వేసుకుని గంటల తరబడి నీళ్లు తాగకుండా డ్యూటీ చేసిన మనిషికి కాంట్రాక్టు ముగిసిందని చెప్పి పంపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

2022 డిసెంబరు 30న మరో నోటిఫికేషన్ వచ్చింది. 5,204 పోస్టులు, తర్వాత వాటిని 7,094 చేశారు. 2023 ఆగస్టు 2న పరీక్ష జరిగింది. 2024 జనవరి 31న బషీర్‌బాగ్‌లోని ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అన్ని వేల మంది సిస్టర్లు ఒకేచోట కూర్చున్న రోజు మన నగర చరిత్రలో గుర్తుంచుకోదగ్గది. అంతమంది శిక్షణ పొంది, రిజిస్టరై, ఎదురుచూస్తూ ఉన్నారని కూడా ఆ రోజే తెలిసింది.

ఎదురుచూడలేనివాళ్లు వెళ్లిపోతారు. ఒకప్పుడు హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో మలయాళం మాట్లాడే సిస్టర్లే ఎక్కువ కనిపించేవారు. వాళ్లు గల్ఫ్‌కు, ఇంగ్లండ్‌కు వెళ్తుంటే ఆ ఖాళీల్లోకి మన జిల్లాల పిల్లలు వచ్చారు. ఇప్పుడు వీళ్లూ బయటికి చూస్తున్నారు. నాంపల్లికి దగ్గర్లోనే, మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో ఉన్న ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి జర్మనీ పంపుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం భూమ్మీద ఇంకా 58 లక్షల మంది నర్సులు తక్కువ. ధనిక దేశాలు తమ వంతు ఖాళీలను మన పిల్లలతో నింపుకుంటాయి. వెళ్లేవాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ప్రైవేటు నర్సింగ్ హోముల్లో నెలకు చేతికొచ్చేది, అప్పు చేసి కట్టిన కాలేజీ ఫీజు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన తల్లిదండ్రులకు ఇంకో దారి కనిపించదు.

2025 జనవరి 31న గోషామహల్‌లో 2,000 పడకల కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. నర్సింగ్ కౌన్సిల్ పాత ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి సాధారణ వార్డుల్లో మూడు పడకలకు ఒక నర్సు ఉండాలి. అంటే ఒక్కో డ్యూటీలో తొమ్మిది మంది రోగులకు ఒకరు. సెలవుల కోసం మరో 30 శాతం కలపాలి. అన్నీ సాధారణ పడకలే అనుకున్నా దాదాపు 870 మంది కావాలి. ఐసీయూలో రోగికి ఒకరు చొప్పున ఉండాలి కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దది. కొత్త ప్రాంగణంలో నర్సింగ్ కళాశాల కూడా ఉంటుందన్నారు, మంచిదే. అక్కడ జీఎన్‌ఎంకు మూడేళ్లు, బీఎస్సీకి నాలుగేళ్లు పడుతుంది. అందుకే మంజూరు పోస్టుల జీవో గోడలు లేస్తుండగానే రావాలి, నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో పడాలి, రాత్రి డ్యూటీ చేసి దిగే సిస్టర్లకు ప్రాంగణంలోనే క్వార్టర్లు కట్టాలి. ఈ మూడూ అడగడానికి నూరేళ్ల పండుగ కన్నా మంచి సమయం దొరకదని నా నమ్మకం.