మన చదువు భయానికీ ఒక చరిత్ర ఉంది



సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే మనలో చాలామందికి నిద్ర పట్టదు. క్లాసులో డౌట్ అడగాలంటే నోరు పెగలదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "తిన్నావా బిడ్డా" అంటది. ఫెయిలైన సబ్జెక్టు సంగతి చెప్పలేం, ఇల్లంతా మన మీదే ఆశ పెట్టుకుంది. "నాకే తెలివి లేదేమో" అని లోలోపల కుమిలిపోతాం. అది నిజం కాదు. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ మొదలైంది. వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ఇంట్లో మాటే బడిలో వినబడింది. పాఠం చెప్పేదీ మనోడే. చదువు కొత్తదైనా బడి పరాయిది కాలేదు.

ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు, బడి తెలుగులోకి మారింది. ఇప్పుడు మనకు ఇంట్లో గోండి, కోలామి, కోయ, సవర, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, యూనివర్సిటీలో ఇంగ్లీషు. పక్కనోడు పాఠం ఒక్కటే నేర్చుకుంటుంటే, మనం భాషనూ పాఠాన్నీ కలిపి మోస్తున్నాం.

భాష ఒక్కటే కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్ష ఉందన్న ఫిర్యాదులపై ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. టీచర్ల నుంచి సరైన సాయం అందకపోవడం, హాస్టల్లో దూరం పెట్టడం అందులో బయటపడ్డాయి. ఎయిమ్స్ దాకా చేరినవాళ్లు తెలివి లేనివాళ్లా? "కోటా సీటు" అన్న మాట రోజూ చెవిన పడితే ఎంత చదివినోడికైనా తన మీద తనకే అనుమానం పుడుతుంది. వివక్షపై ఫిర్యాదు తీసుకునే అధికారి ప్రతి విద్యాసంస్థలో ఉండాలని 2012లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. మన క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరో మనలో ఎంతమందికి తెలుసు? ముందు అది కనుక్కుందాం.

మార్లవాయి నేర్పింది ఒకటే: మన మాట, మన మనిషి తోడుంటే చదువు బరువు కాదు. కొత్తగా హాస్టల్‌కు వచ్చిన తమ్ముణ్ని, చెల్లిని మన భాషలో పలకరిద్దాం. అర్థం కాని పాఠం సీనియర్లం కూర్చోబెట్టి చెబుదాం. మనసు మరీ బరువెక్కితే టెలి మానస్ 14416కు ఫోన్ చేద్దాం, అందులో సిగ్గేం లేదు.

ఎవరూ ఒంటరిగా కుమిలిపోవద్దు. జై ఆదివాసీ.