మన్యపు బాటలును పోలీసు కాపును

మైదానమున బాట ప్రధానముగా వర్తకమునకు మార్గము. మన్యమున నది రాజశాసనమునకును మార్గమయ్యెను. విశాఖపట్టణ మండలమందలి గూడెము కొండలలో నర్సీపట్టణమునుండి లంబసింగికి బాట వేయించునపుడు, డిప్యూటీ తహసీల్దారు బాస్టియను స్వల్పమైన కూలికి కొండవారిచే నిర్బంధముగా పని చేయించెనను ఫిర్యాదు పుట్టెను. కూలికి మొఱవెట్టుకొనవలసిన చావడియు నాతనిదే. ఆ చావడికి బలము పోలీసు ఠాణా.

ఇది తెలిసినచో 1922 ఆగస్టు నాటి దాడుల యర్థము తేటపడును. అల్లూరి శ్రీరామరాజు, గాము గంటము దొర, మల్లు దొర మున్నగువారు 22వ తేదీన చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై బడి 26 తుపాకులను గొనిపోయిరి. తొలిదెబ్బ ఠాణాలకే తగిలెను.

2009లో కేంద్రప్రభుత్వము తీవ్రవాద పీడితములైన 8 రాష్ట్రములందలి 34 జిల్లాలకు బాటల పథకము నామోదించెను. అట్టి పనులకడ సాయుధ పోలీసుల కాపు పరిపాటియైనది. కాపు యంత్రములను రక్షింపగలదు. కొండవాని నమ్మకమును మాత్రము న్యాయమైన కూలియు, మొఱ నాలకించు వేఱొక చావడియు రక్షింపవలయును.