చలించు వేదికపై అవతరణము: విశాఖ తీరమున నౌకా హెలికాప్టర్ల చరిత్ర

విశాఖపట్టణపు చరిత్ర వ్రాసినవారు రేవును గూర్చియు, ఓడల నిర్మాణశాలను గూర్చియు, ఉక్కు కర్మాగారమును గూర్చియు విస్తారముగా వ్రాసిరి. కాని ఇదే తీరమున దాదాపు 60 ఏండ్లుగా పెంపొందిన యొక విద్యను గూర్చి, అనగా కదలు ఓడమీద హెలికాప్టరును దించు విద్యను గూర్చి, తెలుగున వ్రాసినవారు బహు స్వల్పము. అది జనుల కంటబడు విద్య కాదు. యారాడకొండ మీదినుండి చూచువారికి దూరమున నొక యుద్ధనౌకయు, దాని వెనుక నొక నల్లని చుక్కయు మాత్రమే గోచరించును. ఆ చరిత్రను పరిశీలించిన కొలదియు నాకు దృఢపడిన యభిప్రాయ మొకటి కలదు. ఈ విద్య మొదట కేవలము వైమానికుని హస్తకౌశలముగా ఆరంభమై, కాలక్రమమున ఓడయు హెలికాప్టరును కలిసి నిర్వహించు కార్యముగా మారినది. ఈ మార్పును గ్రహించిన నౌకానిర్మాతలును, శిక్షకులును మాత్రమే ఇందు కృతార్థులైరి.

ప్రపంచమున ఈ ప్రయత్నము రెండవ మహాయుద్ధకాలమున మొదలైనది. 1942 ప్రాంతమున జర్మనులు ఫ్లెట్‌నర్ రూపొందించిన కొలిబ్రి యను చిన్న హెలికాప్టరును కోల్న్ అను క్రూయిజరు మీద పరీక్షించిరి. 1943 మే నెలలో అమెరికా సైన్యమునకు చెందిన కర్నల్ ఫ్రాంక్లిన్ గ్రెగరీ, న్యూయార్కు చెంతనున్న లాంగ్ ఐలండ్ సౌండు జలములలో, బంకర్ హిల్ అను చమురు ఓడమీద సికోర్‌స్కీ హెలికాప్టరును పలుమారులు దించి లేపెను. 1946లో ఆంగ్లేయ వైమానికుడు అలన్ బ్రిస్టో హెల్మ్స్‌డేల్ అను ఫ్రిగేటుమీద దిగెను. ఆనాడు ఓడ చేయగలిగిన సహాయమెల్ల నొక చదునైన వేదిక నిచ్చి, గాలి కనుకూలముగా నడచుటయే; మిగిలిన భారమంతయు వైమానికునిదే.

మన నౌకాదళమునకు ఈ యనుభవము విక్రాంత్‌తో లభించినది. 1961లో దళమున చేరిన ఆ విమానవాహకనౌకమీద, యుద్ధవిమానములు లేచుచు దిగుచున్న వేళ, అలూయెట్ హెలికాప్టరు ప్రక్కన నెగురుచు, నీటబడిన వైమానికుని పైకి లాగుటకు సిద్ధముగా నుండెడిది. ఫ్రెంచివారి ఆ హెలికాప్టరునే బెంగుళూరున హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారు చేతక్ అను పేర నిర్మించిరి. కాని విమానవాహకనౌక డెక్కు విశాలమైనది. చిన్న ఓడమీద దిగుటయే నిజమైన పరీక్ష. ఆ పరీక్షకు వలసిన సన్నాహ మొకటి విశాఖలోనే జరిగినదని మనవారిలో పెక్కురెరుగరు. 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణశాలను విశాఖవాసులు నేటికిని సింధియా యనియే పిలుతురు. అందు నిర్మితమై 1964లో నౌకాదళమున చేరిన దర్శక్ అను సముద్రసర్వే నౌకలో హెలికాప్టరు పనిచేయుటకు తగిన యేర్పాటుండెను. సర్వే నౌకకు హెలికాప్టరు విలాసము కాదు. జనసంచారము లేని తీరములకు మనుష్యులను, పరికరములను చేర్చుట కది యత్యంతోపయోగకరము. తెలుగు కార్మికులు, ఇంజనీరులు హెలికాప్టరు దిగు వేదికను ఓడలో నంతర్భాగముగా భావించి నిర్మించుట అంత తొలినాళ్ళలోనే జరిగినదనుట ఈ నగరము గర్వింపదగిన విషయము.

ఇక ఆ దిగుట యెట్లుండునో కొంత వివరింపవలెను, ఏలయన దీనిని తెలిసికొననిదే తరువాతి చరిత్ర బోధపడదు. ఓడ కెరటములపై ప్రక్కలకు ఒరుగును, ముందు వెనుకలకు ఊగును, నిలువున లేచి దిగును. ఈ మూడు చలనములును ఏకకాలమున సాగును. వేదికకు ముందు హాంగరు గోడ నిలిచియుండుటచే, దానిని దాటి వచ్చు గాలి సుడులు తిరుగును. పొగగొట్టపు వేడి దానికి తోడగును. వేసవిలో బంగాళాఖాతముమీది గాలి వేడిచేతను తేమచేతను పలుచబడగా, రోటరునకు పట్టు తగ్గి, యంజను ఎక్కువ శ్రమింపవలసి వచ్చును. అందుచే ప్రతి ఓడకును, ప్రతి జాతి హెలికాప్టరునకును, ఏ దిక్కునుండి ఎంత గాలి వీచినప్పుడు, ఓడ ఎంత ఒరిగినంతవరకు దిగవచ్చునో పరీక్షల మూలమున ముందే నిర్ణయింతురు. ఓడ తన దారిని మార్చుకొని ఆ పరిమితులకు లోబడి నడచును. వైమానికుడు వెనుకనుండి వచ్చి, ఓడ యెడమ ప్రక్కన, దాని వేగమునకు సరిగా తన వేగమును కలిపి, గాలిలో నిలుచును. తాను కుడివైపు ఆసనమున కూర్చుండుటచే వేదిక అతనికి చక్కగా కనబడును. డెక్కుమీది యధికారి సంజ్ఞ చేసిన పిమ్మట ప్రక్కకు జరిగి వేదికపై నిలిచి, వేచియుండును.

ఈ వేచియుండుటయే విద్య సారము. కెరటములు సమాన బలముతో రావు. కొన్ని పెద్దవి వరుసగా వచ్చిన వెనుక కొలది క్షణములు సముద్రము నెమ్మదించును. పెద్దజాలరిపేటలోని జాలరి తెప్పను కెరటముల మీదికి తోయుటకు ముందు ఒడ్డున నిలిచి ఏ సందు కొరకు చూచునో, వైమానికుడు చూచునదియు అట్టి సందే. అది దొరకినంతనే తడవు సేయక దృఢముగా దించవలెను. సుతిమెత్తగా దించబూనినచో వేదిక మరల లేచి చక్రములను తన్నును. అధికారి వలదని సంజ్ఞ చేసెనా, వాదోపవాదములకు తావు లేదు, లేచిపోవలసినదే. దిగినంతనే నావికులు పరుగిడి గొలుసులతో హెలికాప్టరును డెక్కునకు బిగింతురు. రాత్రివేళ దిగంతము కానరాదు గనుక, ఓడ ఊగినను తాను ఊగక సమతలమున నిలుచు దీపముల కడ్డి యొకటి, దిగు వాలును తెలుపు వన్నెల దీప మొకటి అతనికి దారి చూపును. చీకటిలో తన శరీరము చెప్పుదానిని నమ్మక ఆ దీపములను నమ్మ నేర్చుట శిక్షణలో కష్టతమమైన భాగమని నా తలంపు.

1971లో నౌకాదళము కొచ్చిలో 561వ స్క్వాడ్రనును హెలికాప్టరు శిక్షణకై నెలకొల్పెను. 1992లో అరక్కోణమునందు రాజాళి స్థావరము వెలసిన పిదప అది అచటికి మారినది. నేలమీద చేతక్‌ను నిలుప నేర్చుట, పిమ్మట నేలపై గీతలతో గుర్తించిన కొలత వేదికపై దిగుట, తుదకు పగటివేళ ఓడ, రాత్రివేళ ఓడ, ఇదియే ఈ విద్యకు సోపానక్రమము.

1972లో బొంబాయి మజగాన్ డాకునుండి వెలువడిన నీలగిరి ఫ్రిగేటు చేతక్‌ను తన హాంగరులో నిలుపుకొని ప్రయాణింపగలిగినది. సుమారు 2,200 కిలోల ఆ చిన్న హెలికాప్టరు టార్పెడోను మోయగలదు గాని, జలాంతర్గామిని వెదకు సాధనములు దానికి లేవు. వెదకుటయు కొట్టుటయు రెండును చేయగల సీకింగ్ అను హెలికాప్టరు తొమ్మిది టన్నులకు పైబడినది. అంత బరువును చిన్న ఓడమీద కేవలము చేతినేర్పుతో దించుట ప్రమాదకరము. ఈ చిక్కును 1963 నాటికే కెనడా వారు విడదీసిరి. హెలికాప్టరునుండి సన్నని తాడు దిగును; ఓడవారు దానికి లావుపాటి ఉక్కు తీగను తగిలింతురు; వైమానికుడు పైకి బలము పెట్టుచుండగా ఓడమీది యంత్రము సమమైన బిగువుతో క్రిందికి లాగును; వేదికను తాకిన క్షణముననే ఉక్కు దవడలు దానిని గట్టిగా కరచి పట్టుకొనును. నీలగిరి తరగతిలోని కడపటి నౌకలైన తారగిరి, వింధ్యగిరి సీకింగ్‌కు తగినట్లు మార్పబడినవి. 1983లో చేరిన గోదావరి, మన జీవనది పేరు ధరించిన ఫ్రిగేటు, 4,000 టన్నులకు లోబడిన ఓడ యయ్యును రెండు సీకింగ్‌లను మోసినది. హెలికాప్టరును తరువాత చేర్చుకొనక, దానికొరకే ఓడను కల్పించిన ధైర్యము ఇందు కలదు. మన నౌకాశిల్పుల కృతులలో దీనిని నేను మిక్కిలి యున్నతస్థానమున నిలుపుదును.

విశాఖకు వచ్చిన ధోరణి వేరు. 1980లో సోవియట్ దేశమునుండి చేరిన రాజపుత్ డిస్ట్రాయరును, దాని తోబుట్టువులును చిరకాలము తూర్పు నౌకాదళమున సేవచేసినవి. అవి మోసినది కామోవ్ హెలికాప్టరు. ఒకదానిపై నొకటిగా వ్యతిరేకదిశలలో తిరుగు రెండు రోటరులుండుటచే దానికి తోక రోటరుతో పనిలేదు. కావున పొట్టిది, ఇరుకు వేదికపై ఇముడునది, ప్రక్కగాలిని చక్కగా తాళునది. దిగినపుడు చక్రములు జారకుండుటకై సోవియట్ సంప్రదాయమున వేదికపై త్రాటివల పరతురు. తీగతో లాగు పద్ధతియు, వలమీద దిగు పద్ధతియు మన దళమున రెండును ఇమిడినవి. దీనివలన విడిభాగములకును, శిక్షణకును ఇబ్బందులు కలిగిన మాట నిజమే. కాని ఓడను బట్టి విద్య మారునను సత్యమును మన వైమానికులు పుస్తకముల వలన గాక, అనుభవముచే నేర్చిరి. 1980 డిసెంబరున ఏర్పడిన 333వ కామోవ్ స్క్వాడ్రను అనంతరకాలమున విశాఖలోని డేగ స్థావరమున నెలకొన్నది.

ఆ డేగ స్థావరము 1991 అక్టోబరు 21న లాంఛనముగా నౌకాదళమున చేరినను, ఆ విమానక్షేత్రము రెండవ మహాయుద్ధము నాటిది. చిరకాలము విశాఖ ప్రయాణికులు హైదరాబాదునకో ఢిల్లీకో పోవుటకు ఎక్కిన విమానములు లేచినదియు ఆ రన్‌వే మీదినుండియే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ స్థావరమును తీవ్రముగా దెబ్బతీసినది. అయినను పని నిలిచిపోలేదు.

2007లో అమెరికానుండి కొన్న జలాశ్వతోబాటు ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు వచ్చినవి. వానితో 2009 మార్చి 24న 350వ స్క్వాడ్రను డేగలో వెలసినది. జలాశ్వ సైనికులను తీరమున దించు పెద్ద ఓడ; దాని డెక్కు ఫ్రిగేటు డెక్కువలె ఇరుకైనది కాదు. అట నేర్వవలసినది వేరు: ఒకదాని వెంట నొకటి దిగుట, సహాయసామగ్రిని, కమాండోలను వేగముగా చేర్చుట. ఆ హెలికాప్టర్లు 17 ఏండ్ల సేవ యనంతరము 2024 జూన్ 28న విశాఖలో విరమించినవి.

ఇటీవలి ఓడలలో మార్పు మరింత స్పష్టము. 2014 ఆగస్టు 23న విశాఖలో దళమున చేరిన కమోర్టా కార్వెట్టున, దిగిన హెలికాప్టరును హాంగరులోనికి చేర్చుటకు పట్టాలులేని యంత్రసాధనము నమర్చిరి. ఊగు డెక్కుపై నావికులు తమ భుజబలముతో హెలికాప్టరును నెట్టిన రోజులతో పోల్చిన, ఇది ప్రాణరక్షకమైన యభివృద్ధి. 2020 సెప్టెంబరున కుముదినీ త్యాగి, హైదరాబాదునకు చెందిన రీతీ సింగ్ అను ఇద్దరు సబ్‌లెఫ్టినెంట్లు, యుద్ధనౌకలనుండి హెలికాప్టర్లలో పనిచేయు తొలి మహిళా అధికారులుగా ఎన్నికైరి. వీరి పని నడపుట కాదు, సెన్సరులను పరిశీలించి పోరును నిర్దేశించుట. అయినను ఆ ఓడల ద్వారము స్త్రీలకు తెరచుకొనుట ఇంత యాలస్యముగా జరిగినందుకు విచారపడవలసియున్నది. 2022 జులై 4న డేగలో 324వ స్క్వాడ్రను స్వదేశీ ధ్రువ్ హెలికాప్టర్లతో ఏర్పడినది.

ఇన్ని ఓడలు, ఇన్ని స్క్వాడ్రనులు పెరిగినను, ఆ విద్యను స్వయముగా అభ్యసించినవారి మాట తెలుగున నిలువలేదు. గాజువాక, మల్కాపురము, మర్రిపాలెము వాడలలో డెక్కుమీద గొలుసులు బిగించిన నావికులు, హాంగరులో రోటరు ఱెక్కలు మడచిన మెకానిక్కులు, సింధియాలో వేదికలను అతికిన వెల్డర్లు విశ్రాంతజీవితము గడపుచున్నారు. దర్శక్ నాటివారిలో మిగిలినవారు కొలదిమంది. విశాఖలోని కళాశాలల చరిత్రశాఖలును, ఇంట పదవీవిరమణ చేసిన నావికుడున్న ప్రతి పాఠకుడును, వారి మాటలను ఇప్పుడే, వారి నోటనే, వ్రాసి భద్రపరుపవలెనని కోరుచున్నాను.