నర్సమ్మ గుండె బరువుకు కొలత



బీదరు జిల్లా ఔరాద్ తాలూకాలోని సంతపూర్ చుట్టుపక్కల కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసిమెలిసి వినిపిస్తాయి. మన ఇళ్లలో ఎవరైనా పోతే, ఆ మాట సూటిగా అనడానికి నోరు రాదు. 'కాలం చేశాడు' అంటాం. మరి ఆసుపత్రిలో నర్సమ్మ సంగతేమిటి? కన్నుమూసిన రోగి మొహం తుడిచి, మరుక్షణమే పక్క మంచం దగ్గర చిరునవ్వుతో మందు ఇవ్వాలి. ఆమె గుండె బరువును కొలవడం ఎలా?

1854లో స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్లిన ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగుల మరణాలను లెక్కగట్టింది. ఆ మరణాలను చూసిన నర్సుల మనసుకు మాత్రం చాలాకాలం లెక్క లేదు. 1960లో ఇసబెల్ మెన్జీస్ లండన్ ఆసుపత్రి ఒకదానిపై తన అధ్యయనాన్ని ప్రచురించింది. రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో, జబ్బు పేరుతోనో పిలవడం, పనిని ముక్కలుగా పంచుకోవడం ఆందోళన నుంచి తప్పించుకునే మార్గాలని ఆమె గుర్తించింది. అక్కడ శిక్షణలో చేరిన వారిలో దాదాపు మూడోవంతు మంది మధ్యలోనే మానేసేవారు.

1970లో అమెరికాకు చెందిన డొనాల్డ్ టెంప్లర్ 'ఔను, కాదు' అని జవాబు చెప్పే 15 వాక్యాలతో మరణభయానికి కొలమానం తయారుచేశాడు. కానీ అది అందరికీ వర్తించేది. 1981లో గ్రే-టాఫ్ట్, ఆండర్సన్ అనే పరిశోధకులు నర్సుల కోసమే 34 అంశాల కొలమానం రూపొందించారు. నర్సుల ఒత్తిడికి వారు చూపిన ఏడు మూలాల్లో రోగుల మరణం ఒకటి. టెంప్లర్ కొలిచింది మనిషిలోని భయాన్ని. వీరు అడిగింది, పనిలో ఎదురయ్యే ఏ సందర్భం ఎంత తరచుగా కలవరపెడుతుందని. అంటే లోపం నర్సుదే అనకుండా, పని పరిస్థితిని కూడా పరీక్షించారన్నమాట.

అయితే ఇంగ్లీషు ప్రశ్నను మాటకు మాట తెలుగులోకో కన్నడంలోకో మారిస్తే చాలదు. 'చావంటే భయమా?' అని ముఖం మీద అడిగితే, చాలామంది 'లేదు' అనే అంటారు. మన పలుకుబడిలో, పేరు అడగకుండా అడగాలి. వచ్చిన మార్కు ఉద్యోగానికి ముప్పు కాకూడదు. విశ్రాంతికీ, తోడు మాటకూ దారి కావాలి.

2020, 2021లలో కరోనా వార్డుల్లోకి అయినవాళ్లకు ప్రవేశం లేనప్పుడు, ఎందరో రోగులు చివరిగా చూసింది ముసుగు వేసుకున్న నర్సునే. ఆ వార్డు నుంచి ఇంటికొచ్చిన ఆమెను 'అమ్మా, నీ మనసెలా ఉంది?' అని అడిగినవారెందరు? ఏ కొలమానమైనా చివరికి అడిగేది ఆ ప్రశ్నే.