ఫణిగిరి కుండ



పాత గుడి కనబడగానే నంది క్రింద నిధి ఉన్నదనే మాట మన పల్లెలలో ఏనాటినుండో వినవచ్చుచున్నది. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి వంటి కాకతీయుల కాలపు ఆలయములకు వెళ్లి, శిల్పమును విడిచి నిధి సంగతి అడిగేవారు నేటికీ కలరు. ఆ మాటకు బొత్తిగా ఆధారము లేకపోలేదు. ప్రతిష్ఠాసమయమున పీఠము క్రింద యంత్రమును, నవరత్నములను, కొద్దిపాటి బంగారమును ఉంచుట ఆచారము. ఆ చిటికెడు లోహము కొరకు దేవుని పీఠమునే పెకలించేవారున్నారు. పూర్వము గడ్డపారతో గుడ్డిగా త్రవ్వేవారు. ఇప్పుడు మెటల్ డిటెక్టరు చేతికి వచ్చినది.

ఆ యంత్రము చేయు పని స్వల్పము. దాని తీగచుట్టలో విద్యుత్తు అటునిటు మారుచుండగా అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రములో లోహమున్నచో యంత్రము మ్రోగును. విరిగిన కర్రు ముక్కకైనా, ఇక్ష్వాకుల నాణెమునకైనా మ్రోతే. మేలురకపు యంత్రములు ఇనుమును కొంతవరకు వేరుపరచగలవు గాని, ఆ వస్తువు ఏ మట్టిపొరలో, దేని ప్రక్కన ఉన్నదో చెప్పలేవు. చరిత్రకారునికి కావలసినది అదే.

మన జిల్లాలోని ఫణిగిరినే చూడండి. పాముపడగ వంటి ఆ గుట్టపైని బౌద్ధ విహారమును నిజాం ప్రభుత్వము 1940 దశకములోనే త్రవ్వించినది. 2024 మార్చి 29న తెలంగాణ వారసత్వ శాఖవారి త్రవ్వకములలో రెండడుగుల లోతున ఒక మట్టికుండ బయటపడినది. ఎత్తు 15 సెంటీమీటర్లు; మన ఇంటి చెంబు వంటిదే. దానిలో 3,730 సీసపు నాణెములున్నవి. అన్నిటికీ ఒకవైపు ఏనుగు, రెండవవైపు ఉజ్జయిని చిహ్నము. మూతిని పైనుండి లోతులేని పాత్రతోను, లోపల పగిలిన గిన్నె అడుగుతోను మూసియుంచిరి. దాచినవారు తొందరలో దాచలేదని నాకు తోచుచున్నది.

మట్టిపొరను, నాణెముల తీరును కలిపి చూచి, ఇవి క్రీస్తుశకము 3, 4 శతాబ్దముల ఇక్ష్వాకుల కాలమునాటివని పురావస్తు నిపుణులు నిర్ణయించిరి. విజయపురి, అనగా నేటి నాగార్జునకొండ, రాజధానిగా ఏలిన వంశమది. ఆ వంశపు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరపు శాసనము ఫణిగిరిలోనే లభించినది. శాసనము, విహారము, చిల్లర నాణెములు ఒకేచోట కలియుట అరుదు.

ఇవే నాణెములను ఎవరో రాత్రివేళ యంత్రముతో పట్టి తీసుకొనిపోయినచో ఏమి మిగిలెడిది? నాణెము సగటున 2.3 గ్రాములు, మొత్తము ఎనిమిదిన్నర కిలోల సీసము. కుండ పగిలెడిది, పొర చెదరెడిది, నాణెములు తలొక చేతికి పోయెడివి.

అయితే దోషమంతా దొంగలదే అనుట న్యాయము కాదు. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సాగర్ ఎడమకాలువ క్రింద మళ్లు చదునుచేయు రైతుకు కుండ తగిలినదనుకొనుడు. 1878 నాటి నిధి చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెను. తెలుపనిచో ఏడాది వరకు జైలు. దొరికినవాడొకడు, భూస్వామి వేరొకడు అయినచో, దొరికినవానికి ముప్పాతిక, భూస్వామికి పాతిక. వినుటకు ఉదారముగానే ఉన్నది. కాని ప్రభుత్వము ఆ నిధిని తానే తీసుకొనదలచినచో చెల్లించునది లోహపు వెల, దానిపై అయిదవవంతు మాత్రమే. బంగారమైతే సరే. సీసపు నాణెములకు ఆ లెక్క కట్టి చూడండి. కలెక్టరు కచేరీకి నాలుగుసార్లు తిరుగుటకైన బస్సు ఖర్చు, పోయిన పనిదినముల కూలి అందులో ఎంత మిగులును? చట్టము లోహమును తూచినది గాని, కుండ ఉన్నచోటును చూపిన మనిషి మాటకు వెల కట్టలేదు. రైతు నోరు మెదపకుండ మట్టి కప్పివేసిన, అది పూర్తిగా దురాశ అని నేననలేను.